స్టాక్‌హోమ్‌లో రెండు రోజులు, మా ఇద్దరికే

ఆవకాయ జాడీలకు గుడ్డ కట్టేసి, చేతులు కడుక్కుని, హాల్లో మా వారి ఎదురుగా నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. మే చివర్లో స్వీడన్ వెళ్తున్నాం. అమ్మాయి, అల్లుడు గోథెన్‌బర్గ్‌లో ఉంటారు, నెల రోజులు వాళ్ళ దగ్గరే. అంతవరకు మామూలే, విశాఖలో మా వీధిలోనే ఇలా వెళ్ళొచ్చే తల్లిదండ్రులు ఐదారుగురున్నారు. ఈసారి కొత్తదేమిటంటే అమ్మాయి ఫోన్‌లో ఒక మాట అంది, "అమ్మా, ఒక శని ఆదివారాలు నువ్వూ నాన్నా మాత్రమే ఎక్కడికైనా వెళ్ళిరండి, బాబుని మేం చూసుకుంటాం, వంట కూడా మేమే చేసుకుంటాం" అని. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆలోచించాను. పెళ్ళయి 33 ఏళ్ళు. మేమిద్దరమే కలిసి ఒక రాత్రి బయట ఊళ్ళో ఉన్నది ఎప్పుడా అని గుర్తు చేసుకుంటే, అరకు వెళ్ళినప్పుడు అత్తగారు ఉన్నారు, తిరుపతికి పదిమందిమి, ఊటీకి మా ఆడపడుచు పిల్లలతో సహా. ఇద్దరమే వెళ్ళింది అన్నవరం ఒక్కటే, అదీ వ్రతం చేయించుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేశాం.

అందుకే ఈ రెండు రోజుల గురించి ఇంత శ్రద్ధగా కూర్చున్నాను. మాలాగే పిల్లల దగ్గరికి వెళ్ళే జంటలు ఎవరైనా ఉంటే పనికొస్తుందని మేం వేసుకున్న ప్లాన్, దాని వెనక మేం పడిన తర్జనభర్జన అంతా రాస్తున్నాను.

ముందు రెండేళ్ళ కిందటి సంగతి చెప్పాలి. అప్పుడు మొదటిసారి వెళ్ళాం, ఒక టూర్ వాళ్ళ దగ్గర నాలుగు రోజుల్లో మూడు రాజధానులు అనే ప్యాకేజీ తీసుకున్నాం. కోపెన్‌హాగెన్, ఓస్లో, స్టాక్‌హోమ్. కాగితం మీద చూస్తే ఎంత బాగుందో! కోపెన్‌హాగెన్‌లో లిటిల్ మెర్మెయిడ్ దగ్గర పది నిమిషాలు ఆపారు, విగ్రహం ఎత్తు నాలుగడుగుల పైచిలుకు, జనం మధ్యలోంచి తల మాత్రమే కనిపించింది. టివోలి గార్డెన్స్ అనే వినోదాల పార్కు గేటు బయట ఫొటో. ఓస్లోలో ఒపేరా హౌస్ తెల్లటి పైకప్పు మీద అందరూ నడుస్తుంటే మేం కింద బస్సు దగ్గర నిలబడ్డాం, ఎందుకంటే గైడు పావుగంటలో బయల్దేరాలన్నాడు. ఓస్లో నుంచి స్టాక్‌హోమ్‌కి రోజంతా బస్సులోనే. చేరేసరికి సాయంత్రం అయిపోయింది, వాసా అనే పాత యుద్ధనౌకని ఉంచిన మ్యూజియం ముందు దింపి "మూసేశారు, బయట నుంచి చూడండి" అన్నారు. ఆ మ్యూజియం పైకప్పు మీద ఓడ స్తంభాల్లాంటివి నిలబెట్టి ఉంటాయి, లోపలున్న ఓడకి ఒకప్పుడు స్తంభాలు ఎంత ఎత్తుండేవో చూపించడానికి. మా వారు వాటినే తలెత్తి చూస్తూ నిలబడిపోయారు. 31 ఏళ్ళు షిప్‌యార్డులో పనిచేసిన మనిషి. బస్సెక్కాక ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

కాబట్టి ఈసారి మొదటి నిర్ణయం, ఒక్క ఊరు. రెండు రోజులకు ఒక్క ఊరే.

గోథెన్‌బర్గ్ నుంచి కోపెన్‌హాగెన్‌కి రైల్లో మూడున్నర గంటలు, స్టాక్‌హోమ్‌కి ఫాస్ట్ రైల్లో మూడు గంటల పైన కొంచెం. దాదాపు సమానం. నిజం చెప్పాలంటే నా మనసు కోపెన్‌హాగెన్ వైపే లాగింది. న్యూహావ్న్ కాలువ పక్కన ఆ రంగురంగుల ఇళ్ళు, 1843లో తెరిచిన టివోలి, రౌండ్ టవర్. ఆ టవర్‌లో దాదాపు పైదాకా మెట్లకు బదులు చుట్టూ తిరుగుతూ వెళ్ళే వాలు దారి ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి వరం. పైగా డెన్మార్క్ వాళ్ళకీ మనకీ పాత లెక్కలున్నాయి. 1620లో తమిళనాడు తీరంలో తరంగంబాడిలో కోట కట్టుకుని, 1845లో ఇంగ్లీషువాళ్ళకి అమ్మేసేదాకా అక్కడే వ్యాపారం చేశారు. ఆ తరంగంబాడి మిషన్‌కి వచ్చిన షుల్ట్జ్ అనే పాద్రీయే తర్వాత జర్మనీలో హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు, 1740లలో. తెలుగు అక్షరాలు అచ్చులోకి వెళ్ళిన దారి ఆ డెన్మార్క్ ఓడరేవు మీదుగా పోయిందని చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

ఇండియా నుంచి నేరుగా దిగి రెండు మూడు రోజులే ఉండే కొత్త జంటలైతే నేను కోపెన్‌హాగెనే మంచిదంటాను. ఎయిర్‌పోర్టు నుంచి ఊరి మధ్యకి రైల్లో పావుగంట, మెట్రో రాత్రంతా నడుస్తుంది, ఊరు చదునుగా ఉంటుంది, నడిచో సైకిల్ మీదో చుట్టేయొచ్చు. అదే స్టాక్‌హోమ్ అయితే ఆర్లాండా ఎయిర్‌పోర్టు 40 కిలోమీటర్ల దూరం. కోపెన్‌హాగెన్ నుంచి ఓరెసుండ్ వంతెన దాటితే 40 నిమిషాల్లో స్వీడన్‌లోని మాల్మో. 2000లో తెరిచారు ఆ వంతెన, ముందు సముద్రం కింద సొరంగం, ఆ తర్వాత మనుషులు కట్టిన ఒక దీవి, అక్కడి నుంచి సగం దూరం సముద్రం పైన. ఒక పూట దానికోసం పెట్టుకోవచ్చు.

కానీ మా వారి వాసా సంగతి తేలకుండా నేను కోపెన్‌హాగెన్ అనలేను కదా. ఆయన మాత్రం "నీకేది ఇష్టమైతే అదే" అంటూ పేపర్ చదువుకుంటున్నారు, ముఖం మాత్రం పేపర్లో లేదు. స్టాక్‌హోమ్ అని రాసేశాను.

వాసా గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఈ నెల రోజులుగా మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర నడుస్తున్న కథ ఇదే. స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ పోలండ్‌తో యుద్ధంలో ఉండి, 64 ఫిరంగులతో ఒక పెద్ద యుద్ధనౌక కట్టించాడు. కడుతున్న మేస్త్రీ, హాలండ్ నుంచి వచ్చిన హెన్రిక్ అనే ఆయన, పని పూర్తికాకముందే చనిపోయాడు. నీళ్ళలో దించాక 30 మంది మనుషుల్ని డెక్కు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి పరిగెత్తించి చూశారట, మూడుసార్లు పరిగెత్తేసరికి ఓడ బోర్లాపడేలా ఊగిపోయింది, ఆపేశారు. ఆపేశారు గానీ ఓడని ఆపలేదు, రాజు తొందర పెడుతున్నాడు. 1628 ఆగస్టు 10న బయల్దేరింది. 1300 మీటర్లు వెళ్ళింది. ఒక గాలి విసురుకి పక్కకి వాలింది, తెరిచి ఉన్న ఫిరంగుల కిటికీల్లోంచి నీళ్ళు లోపలికి వచ్చేశాయి, ఊరి జనమంతా ఒడ్డున నిలబడి చూస్తుండగానే మునిగిపోయింది. సుమారు 30 మంది పోయారు. విచారణ జరిగింది, ఎవరికీ శిక్ష పడలేదు.

"పైన బరువు ఎక్కువైపోయింది, కింద బ్యాలస్టు చాల్లేదు" అంటారు మా వారు, అన్నం కలుపుకుంటూ, తన యార్డులో జరిగినట్టే. బ్యాలస్టు అంటే ఓడ వాలిపోకుండా అడుగున వేసే బరువు. ఆ 30 మందిని పరిగెత్తించడం లాంటిదే మన షిప్‌యార్డులోనూ చేస్తారట, ఇంక్లైనింగ్ టెస్ట్ అని, మనుషుల బదులు తూకం వేసిన బరువుల్ని ఈ పక్క నుంచి ఆ పక్కకి జరిపి ఓడ ఎంత వాలిందో లోలకంతో కొలుస్తారు. ఆయన తన ఉద్యోగంలో ఎన్ని ఓడలకి ఆ పరీక్ష దగ్గర నిలబడ్డారో నాకు ఈ నెలలోనే తెలిసింది. 33 ఏళ్ళలో ఎప్పుడూ అడగలేదు నేను, సింథియాలోని యార్డు నుంచి రాత్రి ఇంటికొచ్చేసరికి ఎనిమిదయ్యేది, పిల్లల చదువులు, మా మామగారి మందులు, వాటి మధ్య ఓడల సంగతి ఎక్కడ అడుగుతాం.

ఆ ఓడ 333 ఏళ్ళు నీళ్ళ అడుగునే ఉంది. 1956లో ఆండెర్స్ ఫ్రాన్సెన్ అనే ఆయన వెతికి పట్టుకున్నాడు, డైవర్లు చీకట్లో ఓడ కింద నుంచి ఆరు సొరంగాలు తవ్వి ఇనుప తాళ్ళు దూర్చారు, 1961 ఏప్రిల్ 24న పైకి తేల్చారు. మన బంగాళాఖాతంలో అయితే ఓడపురుగు కొయ్యని ఎప్పుడో తినేసేది, బాల్టిక్‌లో ఉప్పు తక్కువ కాబట్టి ఆ పురుగు బతకదు, అందుకే కొయ్య మిగిలింది. పైకి తీశాక ఎండి పగిలిపోకుండా 17 ఏళ్ళు దాని మీద ఒక రసాయనం చల్లుతూనే ఉన్నారు. ఇప్పుడు చూసేదాంట్లో 98 శాతం అసలు కొయ్యేనట. మనం బీచ్ రోడ్డు మీద కురుసుర సబ్‌మెరైన్‌ని ఇసుకలోకి లాగి మ్యూజియం చేసుకున్నప్పుడు ఊరంతా ఎలా చూడ్డానికి వెళ్ళామో గుర్తుంది కదా, అది 2002. ఓడల ఊరి వాళ్ళకి ఈ పిచ్చి ఎవరూ నేర్పక్కర్లేదు.

అయితే ప్లాన్ అంటే ఒకరి కోరికే కాకూడదు. "మరి నీకేం కావాలి?" అని ఆయనే అడిగారు. నాకు వెంటనే తట్టింది సి.వి. రామన్. ఆయన చిన్నప్పుడు చదివింది మన విశాఖ పాత ఊళ్ళోని సెయింట్ అలోషియస్ స్కూల్లోనే, తండ్రి ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. మా నాన్న కోట వీధి మీదుగా వెళ్ళినప్పుడల్లా ఆ స్కూల్ చూపించి రామన్ పేరు చెప్పేవారు. ఆ పిల్లాడు పెద్దయి 1930 డిసెంబరులో నోబెల్ అందుకున్నది స్టాక్‌హోమ్ కాన్సర్ట్ హాల్లో. నీలం రంగు భవనం, ఎదురుగా హోటోర్యెట్ అనే చౌకు, అక్కడ పూలు, పళ్ళు, కూరగాయలు అమ్ముతారు. లోపలికి వెళ్ళకపోయినా ఫర్వాలేదు, ఆ మెట్ల మీద కాసేపు కూర్చోవాలి నాకు, అంతే. అక్కడి నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలోనే సిటీ హాల్, ఇప్పుడు ప్రతి డిసెంబరు 10న నోబెల్ విందు జరిగేది అందులోనే. 1923లో పూర్తయిన ఎర్ర ఇటుకల కట్టడం. విందు జరిగే గదిని బ్లూ హాల్ అంటారు గానీ అందులో నీలం ఉండదు, ఆ ఇటుకలు చూసి ముచ్చటపడి ఆర్కిటెక్టు నీలం పూత వద్దనుకున్నాడట. లోపల చూడాలంటే గైడ్ టూర్‌లోనే వెళ్ళాలి.

సమయం గురించి. మే చివర, జూన్ మొదట్లో అక్కడ పగటిపూట గాలి మన డిసెంబరు తెల్లవారుజాము కంటే చల్లగా ఉంటుంది, 16, 17 డిగ్రీలు, రాత్రికి ఇంకా తగ్గుతుంది. ఇక్కడి ఉక్కపోతలోంచి వెళ్ళేవాళ్ళకి హాయిగానే ఉంటుంది గానీ స్వెట్టరు, గాలి ఆపే జాకెట్టు రెండూ ఉండాలి. సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నర దాటాక అస్తమిస్తాడు, తెల్లవారుజామున నాలుగు కాకుండానే వచ్చేస్తాడు. రెండు రోజుల ట్రిప్పుకి ఇంతకంటే మేలు చేసేది ఏదీ లేదు, ఎందుకంటే సాయంత్రం ఏడింటికి భోంచేసి కూడా ఇంకా రెండు గంటల వెలుతురు చేతిలో ఉంటుంది. అదే డిసెంబరులో అయితే మధ్యాహ్నం మూడు కాకుండానే పొద్దు పోతుంది. ఒక్క జాగ్రత్త, జూన్ 19 నుంచి 25 మధ్య వచ్చే శుక్రవారం వాళ్ళకి మిడ్‌సమ్మర్, మన సంక్రాంతి లాగే జనమంతా ఊళ్ళకు వెళ్ళిపోతారు, చాలా దుకాణాలు మూసేస్తారు. ఆ వారాంతం మాత్రం వద్దు. దుప్పటి ఒకటి, కిటికీ తెర సరిగ్గా మూసుకోని గదుల్లో కళ్ళకి కట్టుకోవడానికి ఒక నల్లగుడ్డ కూడా పెట్టుకున్నాను.

ఇక ప్లాన్. శుక్రవారం సాయంత్రం గోథెన్‌బర్గ్‌లో రైలు, ముందే తీసుకుంటే టికెట్ బాగా తక్కువకి వస్తుంది, ఆలస్యం చేసినకొద్దీ పెరుగుతుంది. హోటల్ విషయంలో అమ్మాయికీ నాకూ చిన్న వాదన జరిగింది, తను పాత ఊరు గమ్లా స్తాన్‌లోనే ఉండమంది, అందంగా ఉంటుందని. నేను వద్దన్నాను. రాళ్ళు పరిచిన సందుల్లో సూట్‌కేసు చక్రాలు లాగలేం, గదులు ఇరుకు. దాని పక్కనే స్లుస్సెన్ దగ్గర తీసుకున్నాం, సెంట్రల్ స్టేషన్ నుంచి మెట్రోలో రెండో స్టేషన్, పాత ఊళ్ళోకి నడిచి వెళ్ళొచ్చు, మ్యూజియం ఉన్న యుర్గార్డెన్ దీవికి పడవ ఎక్కేదీ అక్కడే. ఆ పడవకి సిటీ బస్సు, మెట్రో టికెట్టే సరిపోతుంది, ఒకసారి తీసుకుంటే 75 నిమిషాలు ఎన్నైనా మారొచ్చు. స్టాక్‌హోమ్ 14 దీవుల మీద ఉంది, కాబట్టి మొదటి పొద్దున్నే పడవ మీద వెళ్ళడం నాకు చాలా నచ్చింది.

శనివారం వాసా, మేలో పదింటికి తెరుస్తారు, తెరవగానే. ఎంతసేపైనా సరే, మా వారికి గడియారం చూపించకూడదని నాకు నేనే రాసుకున్నాను. ఓడ కోసం లోపల చల్లగా ఉంచుతారు, జాకెట్టు తీయకూడదు. ఆ రోజు ఇంకే మ్యూజియమూ లేదు. పక్కనే 1891 నాటి స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియం, ఆబ్బా అనే పాటల బృందం మ్యూజియం అన్నీ ఉన్నాయి, అమ్మాయి అన్నీ లింకులు పంపింది, వద్దని చెప్పాను. సాయంత్రం సోదర్‌మల్మ్ దీవి గట్టు మీద మోంటేలియస్‌వేగెన్ అనే నడక దారి, అర కిలోమీటరే, ఎదురుగా నీళ్ళు, అవతల సిటీ హాల్. కైలాసగిరి మీద కూర్చుని సముద్రం చూసినట్టుంటుందని ఫొటోలు చూస్తే అనిపించింది. పైకి కొంచెం ఎక్కాలి, మెల్లగా వెళ్తాం.

ఆదివారం పొద్దున గమ్లా స్తాన్. 90 సెంటీమీటర్ల వెడల్పున్న సందు ఒకటుంది అక్కడ, ఇద్దరం పక్కపక్కన పట్టం. తర్వాత కాన్సర్ట్ హాలు, సిటీ హాలు. మధ్యలో మెట్రో స్టేషన్లు, టి-సెంట్రాలెన్‌లో కొండరాతి గోడల మీద నీలం తీగలు వేశారు 1975లో, స్టేషన్లన్నీ కలిపి ఒక పెద్ద బొమ్మల కొలువు. టికెట్ కొన్నాక ఇది చూడ్డానికి వేరే ఖర్చు లేదు, వాన పడితే ఇదే మా ప్లాన్.

డబ్బు సంగతి తప్పనిసరిగా చెప్పాలి. స్వీడన్, డెన్మార్క్, నార్వే మూడూ క్రోనాలే అంటారు గానీ మూడూ వేరువేరు, యూరోలు పట్టుకెళ్తే పనికిరావు. పోయినసారి మేం విశాఖలోనే మార్చుకుని స్వీడిష్ నోట్లు పట్టుకెళ్ళాం, ఒక కాఫీ షాపులో కౌంటర్ దాకా వెళ్ళి నోటు ఇస్తే "నగదు తీసుకోం" అనే బోర్డు చూపించారు, వెనక వరుసలో జనం, మా వారికి ఎంత చిన్నతనమనిపించిందో. స్టేషన్లో టాయిలెట్‌కి కూడా కార్డే గీయాలి. ఇద్దరి దగ్గరా చెరో కార్డు ఉండాలి, ఇద్దరికీ పిన్ నంబరు నోటికి రావాలి. ఆడవాళ్ళకి ఇది మరీ మరీ చెప్తున్నాను, కార్డు ఆయన జేబులో ఉందిలే అనుకోవద్దు.

వీసా ఒక్కటే చాలు, మూడు దేశాలూ షెంగెన్ అనే ఉమ్మడి వీసా ప్రాంతంలోవే. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటామో ఆ దేశానికి అప్లై చేయాలి, పెద్దవాళ్ళకి 90 యూరోలు, 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్సు. మేం వేలిముద్రలకి హైదరాబాద్ వెళ్ళొచ్చాం. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు కాబట్టి వేసవి రద్దీలో పడకుండా చూసుకోండి.

తిండి. హోటల్లో పొద్దున్న టిఫిన్ కలిపి ఉన్న గదే తీసుకోండి, బయట తింటే ఖర్చు ఎక్కువ, హోటల్ టిఫిన్లో రొట్టెలు, గుడ్లు, పళ్ళు, మన మజ్జిగలాంటి ఫిల్‌మ్యోల్క్ అన్నీ ఉంటాయి. కుళాయి నీళ్ళు తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు. వాళ్ళు పనిలో మధ్యలో ఆగి కాఫీ తాగడాన్ని ఫికా అంటారు, దాంతోపాటు ఏలకుల బన్ను తింటారు. ఏలకుల వాసన అంత దూరంలో రొట్టెలో తగులుతుంటే పోయినసారి మా అమ్మ చేసే పాయసం గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. శనివారం రాత్రికి మాత్రం నేను పులిహోర చేసి డబ్బాలో పెడతాను. ఆ గట్టు మీద బెంచీ దొరికితే అక్కడే తింటాం.

ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి రైలు టైం ఆరున్నర దాకా నోట్‌బుక్‌లో ఏమీ రాయలేదు. అమ్మాయి వీడియో కాల్‌లో ఆ పేజీ చూసి "ఇక్కడ వ్యాక్స్‌హోమ్ దీవికి పడవలో వెళ్ళొచ్చు కదా అమ్మా, గంటే" అంది. పేజీ అలాగే ఉంచమన్నాను. ఆ మాట విన్న మా వారు పేపర్ మడిచి పక్కన పెట్టి, పెన్ను అడిగి తీసుకుని, ఆ ఖాళీలో చిన్న అక్షరాలతో "మళ్ళీ వాసా?" అని రాశారు, నా వైపు చూశారు. సరే అన్నాను.